బాండికూట్ మన పందికొక్కే

ఇంగ్లీషు నిఘంటువులో ‘బాండికూట్’ అనే మాటను వెతికితే దాని మూలంగా తెలుగు ‘పందికొక్కు’ కనిపిస్తుంది. భారతదేశంలోని ఇంగ్లీషువారి వాడుక మాటలపై 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల నిఘంటువు ‘హాబ్సన్ జాబ్సన్’ కూడా ఇదే వ్యుత్పత్తి చెప్పింది. దీనిని శంకించడానికి పెద్దగా అవకాశం లేదు. ఇదే జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. పందినీ కొక్కునూ కలిపి పేరు పెట్టుకున్నది తెలుగువారే.

ఆ పేరు పెట్టినవారు పండితులు కారనే నా నమ్మకం. పందిలాగా మట్టిని పెళ్లగిస్తుందని, తరిమితే గుర్రుమంటుందని గమనించినవారే అలా పిలవగలరు. పెన్నా ఆయకట్టులో వరి పండించే రైతుకు పందికొక్కు అంటే గట్టుకు పడిన బొరియ, ఆ బొరియలోంచి రాత్రికి రాత్రి పక్క మడిలోకి జారిపోయిన నీరు, కోతకు ముందే మాయమైన వెన్నులు. చిల్లు కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, బొరియలోకి పొగ ఊది ఎలుకలను పట్టడంలో నెల్లూరు ప్రాంతపు యానాదులకు ఉన్న నేర్పు ప్రసిద్ధం. బొరియను తవ్వితే లోపల దాచిన ధాన్యం కూడా దొరికేది, అది వారి తిండిగింజలయ్యేది. ఇంత దగ్గరి పరిచయం నుంచి పుట్టిన మాట ఇది.

ఇంగ్లీషువారి నోట బాండికూట్‌గా మారిన ఈ మాట వారితోపాటే ఆస్ట్రేలియా చేరింది. అక్కడ పొడవాటి మూతితో నేలను తవ్వే ఒక చిన్న జంతువును చూసి దానికీ ఇదే పేరు పెట్టారు. నిజానికి అది ఎలుక జాతిదే కాదు. కంగారూలాగా పిల్లను సంచిలో పెంచుతుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది. వాటిలో ఒకదాన్ని, ఇప్పుడు అంతరించిపోయినదాన్ని, ‘పందికాళ్ల బాండికూట్’ అన్నారు. పేరులో అప్పటికే ఒక పంది ఉందని అలా పిలిచినవారు తలచి ఉండరు.

అక్కడి వాడుక మరింత ఆసక్తికరమైనది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియగానూ మారింది: పైన ఆకు కదలకుండా, కింది నుంచి బంగాళాదుంపలను దొంగిలించడం అని దాని అర్థం. వేరుశనగ చేలో పై మొక్క పచ్చగానే ఉండి కింద కాయ మాయమవడం చూసిన మన రైతుకు దీన్ని వివరించనక్కర లేదు. అయితే వారి సామెతల్లో ఈ జీవి దీనత్వానికి గుర్తు, ‘బాండికూట్ అంత పేదవాడు’ అంటారు. మనమేమో ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మెక్కుతున్నారని తిడతాం. జంతువు మారింది కనుక దాని మీద మనుషులు మోపిన గుణమూ మారింది.

1873లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే మన పందికొక్కుల ప్రజాతికి ‘బాండికోటా’ అని శాస్త్రీయ నామం పెట్టడంతో, తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన మాట లాటిన్ రూపంలో మళ్లీ మన పొలాల జంతువు దగ్గరికే చేరింది. కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోకూ నేడు బాండికూట్ అనే పేరు.

నెల్లూరు, ఒంగోలు తరగతి గదుల్లో ఈ మాట ఎదురైతే ‘బాండికూట్ అంటే పందికొక్కు’ అని అర్థం చెప్పి ముందుకు సాగిపోకూడదు. అది పందికొక్కు నుంచే పుట్టిందని కూడా పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు అంతా పై నుంచి దిగివచ్చిందనుకునే పిల్లవాడికి తన తాతల పొలం మాట అందులో ఉందని తెలియడం చిన్న విషయం కాదు. 19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ భారతదేశపు పక్షులు, జంతువులపై రాసిన గ్రంథాల్లో లాటిన్ పేర్ల పక్కనే దేశీయ నామాలనూ నమోదు చేశాడు. కోవూరు, ఇందుకూరుపేట మండలాల ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఆ పనినే తమ ఊరి రైతులను, యానాదులను అడిగి కొనసాగించవచ్చు. పురుగులకూ పిట్టలకూ కలుపు మొక్కలకూ వారి నోట ఉన్న పేర్లను రాయించే ప్రాజెక్టును జీవశాస్త్రం, తెలుగు ఉపాధ్యాయులు కలిసి ఈ విద్యా సంవత్సరంలోనే చేపట్టాలి.