వీడియో షాపులు ఏ లెక్క దగ్గర ఓడిపోయాయి?

వీడియో అద్దె షాపులు ఎందుకు పోయాయని అడిగితే చాలామంది ఓటీటీ పేరు చెబుతారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది 2016 జనవరిలో, ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో. నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరుల్లో క్యాసెట్లు అద్దెకిచ్చిన షాపులు అప్పటికే చాలావరకు సెల్ రీఛార్జి, జిరాక్సు షాపులుగా మారిపోయాయి. 2004లో 9 వేలకు పైగా షాపులున్న అమెరికా వీడియో అద్దె కంపెనీ బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసిన కథను ఇక్కడికి తెచ్చి అతికిస్తే కుదరదు.

అద్దె వ్యాపారమంతా ఒక్క భాగహారం. క్యాసెట్టు ఖరీదు 300, రోజు అద్దె 10 అనుకుందాం. 30 సార్లు తిరిగితే అసలు దక్కుతుంది, లాభం ఆ తర్వాతే. కొత్త సినిమాకు గట్టి గిరాకీ ఉండేది మొదటి నెలా నెలన్నర. క్యాసెట్టు ఎవరింట్లోనైనా రెండు రోజులు ఆగిపోతే ఒక తిరుగుడు పోయినట్టే. డిపాజిట్టు, రేషన్ కార్డు జిరాక్సు, ఆలస్యానికి అదనపు రుసుము, ఇవన్నీ ఆ లెక్క కాపాడుకోవడానికే. రివైండ్ చేసి తెమ్మని అడిగేదీ అందుకే. మూడు గంటల టేపు వెనక్కి తిప్పడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, క్యాసెట్టు ఆడించే డెక్కు బెల్టు అరుగుదల షాపు ఖాతాలో పడుతుంది.

పల్లెల్లో అసలు రాబడి డెక్కు మీద. కలర్ టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి బేరం. ఈ-180 టేపు సరిగ్గా మూడు గంటలు నడుస్తుంది కాబట్టి రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారి ఆరుకు మూడో బొమ్మ అయిపోతుంది. 1990ల్లో కేబుల్ వచ్చి ముందు ఈ రాబడినే కోసింది. అదే డెక్కును కేబుల్ వైరుకు తగిలిస్తే ఒక్క క్యాసెట్టు వీధి వీధంతా చూస్తుంది. ఇక అద్దెకు తెచ్చుకునేదెవరు?

తర్వాత వచ్చిన వీసీడీతో, అంటే సినిమా నింపిన సీడీతో, ఖర్చు తగ్గింది, బూజు బాధ తగ్గింది. కానీ ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పడతాయి. తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు కావాలి. అందులో ఒకటి గీత పడినా సెట్టు మొత్తం వృథా. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మకానికి పెట్టింది. మూడు రోజుల అద్దె డబ్బుతో డిస్కు సొంతమవుతుంటే భాగహారానికి అర్థమే లేదు. మిగిలింది మెమొరీ కార్డు తుడిచేసింది. సెల్ షాపులో కార్డు ఇస్తే పది నిమిషాల్లో సినిమాలు, పాటలు నింపి ఇచ్చేవారు. కాపీకి ఖర్చు లేదు, తిరిగి ఇచ్చే పని లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేసరికి ఆ కార్డు గిరాకీ కూడా పోయింది.

ఇందులో చట్టం వాటా తక్కువేమీ కాదు. అమెరికాలో క్యాసెట్టు కొన్నవారు దాన్ని అద్దెకివ్వొచ్చు. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం సినిమా కాపీని వ్యాపారానికి అద్దెకిచ్చే హక్కు హక్కుదారుడిది. ఆ అనుమతిని చిన్న ఊరి షాపుకు అందుబాటు ధరలో చేర్చే ఏర్పాటు గట్టిగా నిలబడలేదు. నెల్లూరు నుంచి మద్రాసు రైల్లో మూడు గంటల దూరం, అక్కడ దొంగ కాపీలు దొరికే బర్మా బజారు ఉంది. దొంగ కాపీ మీద నడిచిన షాపు, అంతకన్నా చవక దొంగ కాపీ వచ్చినప్పుడు ఎవరికీ మొరపెట్టుకోలేకపోయింది. ఈ వైఫల్యాన్ని షాపుల నెత్తిన మాత్రమే వేయడం అన్యాయం.

వీడియో గేమ్ షాపులు కొంచెం ఎక్కువ కాలం నిలిచాయి. అవి అమ్మింది కాపీని కాదు, గంటల లెక్కన యంత్రాన్ని, పక్కన కూర్చునే జతగాణ్ణి. వాటికి ఖర్చు వేరే చోట. కంట్రోలర్ స్టిక్కు లోపలి భాగం అరిగి, దుమ్ము చేరి, తెర మీది బొమ్మ దానంతటదే ఒక పక్కకు జరుగుతుంది. ఆ భాగం సోల్డరింగు ఊడదీసి మార్చాలి. 2021లో పీఎస్5 గేమ్ యంత్రం మన దేశంలో 49,990 రూపాయలకు వచ్చింది. డిస్కు పెట్టే వీలు లేని రకం 39,990. డౌన్‌లోడ్ చేసిన గేమ్ కొన్నవాళ్ల ఖాతాకు కట్టుబడి ఉంటుంది, చేతులు మారదు. అద్దెకివ్వడానికి వస్తువే లేదు.

మూతపడ్డ షాపుల వెనక గదుల్లో, ఇళ్ల అటకల మీద మిగిలిన క్యాసెట్ల సంగతి ఇప్పుడు తొందరగా చూడాలి. సినిమాలకు వేరే కాపీలుంటాయి. పెళ్లిళ్లకు, ఊళ్లో ఆడిన పద్య నాటకాలకు, రొట్టెల పండుగ నాడు తీసిన టేపులకు ఉండవు. వీసీఆర్ తయారీలో చివరిదాకా ఉన్న జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలోనే ఆపేసింది, కాబట్టి పనిచేసే డెక్కులు ఏటా తగ్గుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానల తడికి ఈ తీరంలో టేపుకు బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే డెక్కులో వేయకండి. అది టేపును చదివే హెడ్డుకు పట్టి తర్వాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలతో మూత డబ్బాలో కొన్ని వారాలు ఆరబెట్టి, పొడి తుడిపించి, విడి డెక్కులో నడపాలి. బాగున్న టేపునైనా ఒకసారి పూర్తిగా ముందుకు, వెనక్కి తిప్పాకే ప్లే చేయాలి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన తోలుగుడ్డ ఆనించి, హెడ్డు ఉండే డ్రమ్మును చేత్తో తిప్పి శుభ్రం చేయాలి. దూది పుల్ల వాడితే పోగులు చిక్కుకుని హెడ్డు కొన విరుగుతుంది. కంప్యూటరులోకి కాపీ చేసేటప్పుడు మన టీవీల పాల్ పద్ధతిలో 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకుంటే చాలు. సెకనుకు 6 మెగాబిట్ల వేగంతో మూడు గంటల టేపు దాదాపు 8 జీబీ అవుతుంది, పట్టే సమయం కూడా మూడు గంటలే.

ఇంట్లో రాసిన సీడీలు, డీవీడీలు ఉంటే టేపుల కన్నా ముందు వాటిని కాపీ చేయండి. టేపు పాడైతే గీతలతోనైనా బొమ్మ వస్తుంది. రాసిన డిస్కులో రంగు పొర చెడితే డ్రైవు దాన్ని గుర్తించనే గుర్తించదు.