లింకులు కోసి చైన్ బిగించడం రిపేరు కాదు

బండి లక్ష కిలోమీటర్లకి దగ్గరపడింది. చైన్ గరగరమంటోంది, గుంతలో పడినప్పుడల్లా కవర్‌కి కొట్టుకుంటోంది. షాపుకి తీసుకెళ్తే ఏం చేస్తారు? వెనక చక్రాన్ని వెనక్కి జరిపి చైన్ బిగించే అడ్జస్టర్ అప్పటికే చివరికంటా లాగేసి ఉంటుంది కాబట్టి, చైన్‌లో రెండు లింకులు కోసేసి, మళ్ళీ కలిపి పంపించేస్తారు. "ఇంకో ఆర్నెల్లు నడుస్తది అన్నా, ఏం గాదు." ఈ మాట హైదరాబాద్‌లో విన్నాను, కోస్తా యాసలో గుంటూరులోనూ విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఆ ఆర్నెల్లలో ఆ బండి మీద కూర్చునేది మెకానిక్ కాదు. భార్యనీ పిల్లల్నీ ఎక్కించుకుని వెళ్ళే మనిషి.

లింకులు కోస్తే ఎందుకు ప్రయోజనం లేదో కాస్త వివరంగా చెప్తాను. చైన్ సాగిందంటే ఇనుప పట్టీలు పొడుగయ్యాయని కాదు. లోపల పిన్ను, దాని చుట్టూ గొట్టంలా ఉన్న బుష్షు ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో లింకు దగ్గర వచ్చే సందు కంటికి ఆనదు. వందకి పైగా లింకుల్లో ఆ సందులన్నీ కలిస్తే చైన్ ఉయ్యాలూగుతుంది. రోజూ పనికి తిరిగే మన కమ్యూటర్ బళ్ళలో చాలావాటికి ఉండేది 428 సైజు చైన్. ఇందులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే 20 లింకులకి 254. బిగువుగా లాగి కొలిస్తే అది 259 వచ్చిందనుకోండి, రెండు శాతం అరిగినట్టు. ఇక ఆ చైన్ పని అయిపోయింది. ఇప్పుడు అందులోంచి రెండు లింకులు తీసేస్తే మొత్తం పొడవు తగ్గుతుంది, బండి కింద వేలాడదు, చూడ్డానికి బిగువుగా ఉంటుంది. కానీ మిగిలిన లింకుల్లో ఆ దూరం సగటున దాదాపు 12.95 దగ్గరే ఉంది. చైన్ తిరిగే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, దాని పళ్ళు కోసింది మాత్రం 12.7కి. రెండూ ఇక కుదరవు. చైన్ పంటి మొదట్లో కూర్చోకుండా మొన మీదికి ఎక్కుతుంది. నాలుగైదు పళ్ళు పంచుకోవాల్సిన లాగుడంతా ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది. కొన్నాళ్ళకి ఆ పళ్ళు కొడవలి కొసలా ఒక పక్కకి తిరిగిపోతాయి.

ముందు స్ప్రాకెట్ సంగతి ఇంకా ఘోరం. ఇంజన్ పక్కన కవర్ వెనకాల ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. ముందు 14 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉన్న బండిని లెక్కకి తీసుకుందాం. మామూలు 18 అంగుళాల టైరుతో ఒక కిలోమీటరుకి వెనక చక్రం సుమారు 530 సార్లు తిరుగుతుంది. ముందు స్ప్రాకెట్ దానికి మూడింతలు, దాదాపు 1,600 సార్లు. అంటే 20,000 కిలోమీటర్లలో ఆ చిన్న స్ప్రాకెట్ మీద ఒక్కో పన్ను మూడు కోట్ల సార్లకి పైగా చైన్‌ని పట్టి లాగింది! అంత చాకిరీ చేసినదాన్ని కవర్ కూడా విప్పకుండా "అది బానే ఉంటుంది సార్" అనడం నాకు మింగుడు పడదు.

ఇలాంటి అరకొర పని ఇంకోటి ఉంది. చైన్ మాత్రం కొత్తది వేసి, స్ప్రాకెట్లు రెండూ పాతవే ఉంచడం. ఇది లింకులు కోయడం కంటే మర్యాదగా కనిపిస్తుంది గానీ ఫలితం అదే. అరిగిన పళ్ళు పాత చైన్‌తో పాటు అరిగినవి, దాని సందులకి అలవాటుపడినవి. కొత్త చైన్‌లో పళ్ళ మధ్య కూర్చునే రోలర్లు వాటి మీద సరిగ్గా కూర్చోలేక కొన్ని పళ్ళనే పట్టుకుని వేలాడతాయి. పాత పళ్ళు కొత్త చైన్‌ని తినేస్తాయి. మా బావ టీచరు, రోజూ బండి మీదే పక్క మండలంలో స్కూలుకి వెళ్ళొస్తాడు. ఒక షాపులో డబ్బు ఆదా అని చెప్పి ఆయనకి ఇలాగే చైన్ ఒక్కటే వేసి పంపారు. వానలు మొదలయ్యేసరికి మళ్ళీ అదే గరగర. ఒక రోజు వంతెన ఎక్కుతుండగా చైన్ పళ్ళ మీంచి టకటకా జారింది. వెనక లారీ ఉంది. ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి మాట్లాడుకుంటున్నాం. చైన్ ఊడి ముందు స్ప్రాకెట్‌కీ ఇంజన్ కేసుకీ మధ్య ఇరుక్కుంటే చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. కేసు పగిలే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే.

డబ్బు మాటకొద్దాం. 100, 125 సీసీ బండికి మంచి కంపెనీ సెట్టు, అంటే చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ కలిపి, సుమారు వెయ్యి రూపాయలో ఆ పైన కొంతో అవుతుంది. రోజంతా తిండి డెలివరీలు చేసే కుర్రాడికి అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను, సెట్టు ఒకేసారి వేయించుకో తమ్ముడూ. చక్రం తీయడం, కవర్ విప్పడం ఎలాగూ ఒకటే పని, మజూరీ ఒకటే. మూడు సార్లు మూడు ముక్కలు కొంటే మజూరీ మూడు సార్లు కట్టాలి, పని ఆపి షాపు ముందు కూర్చున్న గంటలు వేరే. 2025 సెప్టెంబర్ 22 నుంచి బళ్ళ విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది.

కొనేటప్పుడు మాత్రం ఊరూపేరూ లేని సెట్టు కొనకండి. హైదరాబాద్ పుత్లీబౌలిలో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అన్ని రకాలూ దొరుకుతాయి. పక్కపక్క షాపుల్లోనే అసలు సరుకూ ఉంటుంది, నకిలీ డబ్బాలూ ఉంటాయి. మంచి స్ప్రాకెట్‌కి పళ్ళ దగ్గర ఉక్కుని వేడిచేసి గట్టిపరుస్తారు. చవక దానికి ఆ పని చేయరు, పైన మెరుపు మాత్రం ఉంటుంది. బండి కంపెనీ డబ్బా గానీ, కోయంబత్తూరు వాళ్ళ రోలాన్, చెన్నై వాళ్ళ డైమండ్ లాంటివి గానీ, బిల్లుతో కొనండి. బిల్లు ఇవ్వననే షాపు మెట్లు దిగేయండి.

బెల్ట్‌తో నడిచే పెద్ద బళ్ళున్నవాళ్ళు ఇది తమకి కాదనుకుంటారు. అలాంటి బండే హార్లీ డేవిడ్సన్ స్ట్రీట్ 750, ఇంకా చాలామంది దగ్గర ఉంది. ఆ కంపెనీ ఇక్కడ తయారీ ఆపేసింది 2020లో, అంటే ఆ బళ్ళకీ వయసొచ్చింది. బెల్ట్‌కి ఆయిల్ అక్కర్లేదు, చాలాకాలం వస్తుంది, నిజమే. కానీ బెల్ట్ తిరిగే చక్రం, అంటే పుల్లీ, దాని పళ్ళ మీద గట్టి పూత లేచిపోయి అంచులు పదునెక్కితే అది కొత్త బెల్ట్‌ని కోసుకుంటూ పోతుంది. బెల్ట్ మార్చే రోజున రెండు పుల్లీల మీదా గోరుతో రాసి చూడండి. ఎక్కడైనా తగిలిందంటే పుల్లీ కూడా మార్చాల్సిందే.

మళ్ళీ మన చైన్ బళ్ళకి. లక్ష కిలోమీటర్ల దాకా తిరిగిన బండిని విప్పినప్పుడు ముందు స్ప్రాకెట్ కూర్చునే షాఫ్ట్ మీద గాడులు అరిగాయా, దాని వెనక ఆయిల్ సీలు కారుతోందా చూడమని అడగండి. సీలు చవక, షాఫ్ట్ పోతే ఇంజన్ విప్పాలి. వెనక హబ్బులో రబ్బర్లు నలిగిపోతే గేరు వేసినప్పుడల్లా దడేల్మంటుంది, అవీ మార్పించండి. చైన్ రెండు కొసలూ కలిపే క్లిప్పు, అంటే లింకు లాక్, వేసేటప్పుడు దాని మూసి ఉన్న కొస చైన్ పరిగెత్తే దిక్కుకి ఉండాలి. ఇది తిప్పి వేసినవాళ్ళని చూశాను, అందుకే దగ్గర నిలబడి చూడమంటున్నాను.

కంపెనీల మీదా నాకు ఒక ఫిర్యాదు ఉంది. కొన్ని బళ్ళకి అడ్జస్టర్ దగ్గర ఎర్ర గీత ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అక్కడికొస్తే చైన్ మార్చమని. ప్రతి బండికీ ఎందుకు పెట్టరు? దాని పక్కనే లింకులు కోయొద్దని తెలుగులో ఒక ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? చైన్ మొత్తాన్ని మూసేసే కవర్ ఉన్న బళ్ళలో అసలు లోపల ఏం జరుగుతోందో కనపడదు. కవర్‌కి చిన్న రబ్బరు మూత ఉంటుంది, అది తీసి చూడొచ్చని సర్వీస్ సెంటర్లో ఎవరూ చెప్పరు.

కొత్త సెట్టు వేయించాక మొదటి 500 కిలోమీటర్లకి ఒకసారి సాగుడు చూపించుకోండి, కొత్తలో కొంచెం కుదురుకుంటుంది. ఎంత వదులు ఉండాలో హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, చాలా బళ్ళకి రెండు మూడు సెంటీమీటర్లు. వానలో తడిసినా, కడిగినా ఆరాక ఆయిల్ పెట్టండి. తీసేసిన పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, అందులో మసీ ఇనుప రజనూ ఉంటాయి. గేర్ ఆయిల్ 90 చాలు. చైన్ లోపలి వైపు, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, ఇంజన్ ఆపేసి.