ఓటూ మనదే, నోటూ మనదే

తెలుగు ప్రజలకు ఒక గంభీరమైన విషయం మనవి చేసుకోవాలి. అమెరికాలో ప్రజాస్వామ్యం తలకిందులుగా నడుస్తోంది. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి ఓటరు ఇంటికొచ్చి, తలుపు కొట్టి, నవ్వి, యోగక్షేమాలు అడిగి, ఆఖరికి ఓటరునే డబ్బులు అడుగుతున్నాడు. ఇంత ఘోరం జరుగుతుంటే ఇక్కడున్న లక్షల మంది తెలుగువాళ్లలో ఒక్కరూ నోరు విప్పరేమిటో నాకు అర్థం కాదు.

ఈ సంగతి నాకూ మా నాన్న చెప్పేదాకా తట్టలేదు. హ్యూస్టన్ శివార్లలో కాపురం పెట్టిన మొదటి పుష్కరం వీసాల్లోనూ గ్రీన్‌కార్డు క్యూలోనూ గడిచిపోయింది. అన్నేళ్లలో మా తలుపు కొట్టినవాళ్లు పెరట్లో చీమల మందు కొట్టేవాళ్లూ, ఇంటి పైకప్పు మారుస్తామనేవాళ్లూ మాత్రమే. పౌరసత్వం వచ్చి ఓటరు జాబితాలో పేరు పడగానే నేను మనిషినయ్యాను. ఎన్నడూ చూడని వాళ్లు పేరు పెట్టి పిలుస్తూ రావడం మొదలుపెట్టారు.

నాన్న ఉండేది తెనాలి పక్క ఊళ్లో. 2024 మే 13న అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి ఓటేసి, సెప్టెంబరులో మా దగ్గరికి వచ్చారు. వచ్చేటప్పుడు ఆవకాయతో పాటు ఒక బాధ కూడా మోసుకొచ్చారు. ఎన్నికలప్పుడు వీధిలో అందరి ఇళ్లకీ కవర్లు వచ్చాయి, మా ఇంటికి మాత్రం రాలేదు. వచ్చినా తీసుకునేవారు కాదట. ‘అది వేరే సంగతి. రావాలి కదా. వచ్చాక వద్దంటే అది మర్యాద. అసలు రాకపోవడమేంటి?’ ఇది మా నాన్న ఒక్కరి బాధే అనుకోకండి. 2021లో హుజూరాబాద్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలప్పుడు డబ్బు అందలేదని జనం రోడ్డెక్కిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమేనని చట్టం అంటుంది. అందకపోతే ఎవరికి చెప్పుకోవాలో ఆ చట్టంలో ఎక్కడా లేదు.

అలాంటి మనిషి మా హాల్లో కూర్చుని ఉండగా, అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. గుమ్మంలో పక్క వీధి తెలుగువాళ్ల అమ్మాయి. పదకొండో తరగతి. మెడలో బ్యాడ్జీ, చేతిలో ఫోను, చంకలో కరపత్రాల కట్ట. అక్టోబరైనా ఎండ దిగలేదు, మొహం కందిపోయి ఉంది.

‘నమస్తే అంకుల్. నేను కాంగ్రెస్ క్యాంపెయిన్ నుంచి వచ్చాను.’

సోఫాలోంచి నాన్న లేచారు. ‘ఇక్కడ కూడా కాంగ్రెస్సేనా! చేతి గుర్తేనా పాపా?’

కాంగ్రెస్ అంటే ఇక్కడ పార్టీ కాదనీ, మన పార్లమెంటు లాంటిదనీ, దిగువ సభలో 435 మంది ఉంటారనీ, ఒక్కొక్కరి కింద ఏడున్నర లక్షల మందికి పైగా జనం ఉంటారనీ, రెండేళ్లకోసారి అందరూ మళ్లీ నిలబడాల్సిందేననీ నేను వివరించాను. నాన్న అంతా విని, ఒక్క ముక్క దగ్గర ఆగిపోయారు.

‘రెండేళ్లకేనా? మరి పెట్టిన ఖర్చు ఎప్పుడు రాబట్టుకుంటారు?’

ఈ ప్రశ్నకి రాజ్యాంగంలో సమాధానం లేదు. పాతికేళ్ల వయసుండాలి, ఏడేళ్లుగా పౌరుడై ఉండాలి, ఆ రాష్ట్రంలో నివాసముండాలి, అంతవరకే రాసి పెట్టారు.

అమ్మాయి తన పాఠం మొదలుపెట్టింది. మా అభ్యర్థిది గ్రాస్‌రూట్స్ ప్రచారమట. పెద్ద కంపెనీల కమిటీల డబ్బు ముట్టుకోరట, మామూలు జనం ఇచ్చే ఐదూ పదీ డాలర్లతోనే నడుపుతారట. గ్రాస్‌రూట్స్ అంటే గడ్డివేళ్లని నాన్నకి చెప్పాను. ఆ గడ్డి మనమే. శివార్లలో ఇల్లు కొన్న ప్రతివాడికీ తెలుసు, గడ్డి నాలుగు అంగుళాలు లేచిందంటే కోయించే దాకా కాలనీ సంఘం నోటీసులు ఆపదు.

‘రోజుకి ఎంతిస్తారమ్మా?’ అని అడిగారు నాన్న.

‘ఏమీ ఇవ్వరు తాతగారూ. వాలంటీర్‌ని. కాలేజీ అప్లికేషన్‌లో అవర్స్ రాసుకోవచ్చు.’

‘బిర్యానీ పొట్లం?’

‘పిజ్జా ఇస్తారు. లాస్ట్ వీక్ అయిపోయింది.’

నాన్న నా వైపు చూసిన చూపులో ఈ దేశం మీద నలభై ఏళ్లుగా పెట్టుకున్న నమ్మకం ఒకటి కూలడం కనిపించింది. అమ్మాయి మాత్రం కరపత్రం తిప్పి వెనకవైపు చూపించింది. క్యూఆర్ కోడ్. నాన్న మొహం వికసించింది. ‘ఫోన్‌పేనా? మనవాళ్లకంటే ముందున్నారే. మన నెంబరు కొడితే డబ్బులు పడిపోతాయా?’

‘కాదు నాన్నా. మనం వేయాలి.’

‘ఎవరికి?’

‘వాళ్లకి.’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈలోగా నేను టేబుల్ మీదున్న టపా తీసి, అదే అభ్యర్థి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం చూపించాను. లోపల నాలుగు రంగుల ఫొటోలు, కుటుంబం, కుక్క, ఒక కవరు. నాన్న చటుక్కున కవరు అందుకున్నారు. తెరిచారు. ఖాళీ. దాని మీద చిరునామా అచ్చేసి ఉంది, స్టాంపు అంటించక్కర్లేదని కూడా ఉంది. అందులో మనం చెక్కు పెట్టి పంపాలని చెప్పాను.

‘కవరు పంపించి మనల్నే నింపమన్నారా!’ అన్నారు. అందులో కోపం లేదు, శాస్త్రవేత్త గొంతులో ఉండే ఆశ్చర్యం ఉంది.

ఇక్కడ నేను ప్రచారం వాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ పద్ధతిలో దాపరికం లేదు. 2024లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకి ఇవ్వగలిగింది 3,300 డాలర్లు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబరుది ఇంకొకటి. మొత్తం 200 దాటితే ఇచ్చినవాడి పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ ఫెడరల్ ఎన్నికల సంఘం లెక్కల్లోకి ఎక్కుతాయి, ఎవరైనా వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అచ్చం మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకమే. నేను కూడా ఆ సైటులో మొదట వెతికింది మా కాలనీ తెలుగువాళ్లనే. ఎవరి పేరు దొరికిందో, ఎంత రాసి ఉందో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. అంత పెద్ద ఇల్లు పెట్టుకుని అంతేనా అని మాత్రం అనిపించింది.

అభ్యర్థి పెట్టే ఖర్చుకి మాత్రం పరిమితి లేదు. మన దగ్గర పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షల రూపాయలని గీత గీశారు. ఆ గీత లోపల ఎంతమంది ఉంటారో దేవుడికే తెలుసు. ఇక్కడ సుప్రీంకోర్టు 1976లోనే, ఖర్చుకి హద్దు పెడితే భావప్రకటనకి హద్దు పెట్టినట్టేనని తేల్చేసింది. మన నాయకులకి ఈ తీర్పు ఇంకా ఎవరూ అనువదించి చెప్పినట్టు లేదు. చెబితే మన దగ్గర పంచే కవర్లన్నీ భావప్రకటన కిందికి వచ్చేస్తాయి.

డబ్బుంటేనే గెలుస్తారా అంటే, అదీ లేదు. 2014లో వర్జీనియాలో ఎరిక్ కాంటర్ అనే ఆయన సభలో మెజారిటీ పార్టీ నాయకుడు. సొంత పార్టీ ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ మాస్టారి చేతిలో ఓడిపోయారు. మాస్టారి ప్రచారం మొత్తానికి అయింది రెండు లక్షల డాలర్లు. కాంటర్ ప్రచార కమిటీ ఖరీదైన స్టీక్ హోటళ్లలో కట్టిన బిల్లే లక్షా 68 వేలు. ఇది చెప్పగానే నాన్న, ‘ఓటరుకి పెట్టకుండా తనే తింటే ఓడిపోడా మరి’ అని కేసు కొట్టేశారు.

ఇంకో కథ చెప్పాను. 2018లో న్యూయార్క్‌లో, పదిసార్లు వరసగా గెలిచిన సభ్యుణ్ణి, బార్‌లో పనిచేసి వచ్చిన అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ప్రైమరీలో ఓడించింది. ఆమెకి పడ్డవి 17 వేల లోపు ఓట్లు. ఇంటింటికీ తిరిగి తిరిగి బూట్ల అడుగున చిల్లులు పడితే, ఆ బూట్లని తర్వాత కార్నెల్ యూనివర్సిటీలో ప్రదర్శనకి పెట్టారు. నాన్న నమ్మలేదు. చెప్పులరిగేలా తిరగడమంటే మా ఊళ్లో ఎవరు చేసేదో అందరికీ తెలుసు. పింఛను కోసం, పాసు పుస్తకంలో తప్పు పడ్డ ఇంటిపేరు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ల చెప్పులు దాచి ఉంటే తెనాలిలో పెద్ద మ్యూజియమే అయ్యేది.

సరే, గుమ్మంలో అమ్మాయిని మరిచిపోయాం. నాన్న మరిచిపోలేదు. లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చారు. తాగుతుంటే జేబులోంచి పది డాలర్ల నోటు తీశారు. ‘ఎండలో తిరుగుతోంది, పాపం. వాళ్ల అభ్యర్థికే ఇచ్చుకోనీ.’

నేను అడ్డం పడాల్సి వచ్చింది. విదేశీయుడు ఇక్కడి ఎన్నికకి ఒక్క డాలరిచ్చినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వచ్చు, ఓటెయ్యకూడదు. హెచ్-1బీ మీదుంటే ఓటూ లేదు, ఇవ్వడమూ లేదు, జీతం లేకుండా తలుపులు మాత్రం కొట్టచ్చు. నాన్న విజిటర్ వీసాలో వచ్చారు. నోటు మళ్లీ జేబులో పెట్టుకుంటూ, ‘అక్కడ తీసుకుంటే నేరం, ఇక్కడ ఇస్తే నేరం. ఇంక మనం దేశానికి చేసేదేముంది’ అన్నారు.

అమ్మాయి వెళ్తూ ఫోనులో ఏదో నొక్కింది. నాకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కు పడింది. ఒకటి అంటే మనవాడు, ఐదు అంటే ఆశ వదులుకో. నాకెంత పడిందో చెప్పలేదు. తర్వాత పక్కింటికి వెళ్లకుండా రెండిళ్లు దాటి మూడో ఇంటికి వెళ్లింది. అదేమిటని కేకేస్తే, ‘లిస్ట్‌లో లేరంకుల్’ అంది. ఎవరికి ఓటేశామో రహస్యమే కానీ ఏయే ఎన్నికల్లో వేశామో ఇక్కడ అందరికీ తెలిసే లెక్క. వేసే అలవాటున్నవాళ్ల తలుపే కొడతారు. పక్కింటాయన ఎప్పుడూ వెయ్యడు, కాబట్టి ఆయన్ని ఎవరూ అడగరు, ఎవరూ అడగరు కాబట్టి ఆయన వెయ్యడు. నాన్నకి ఇది కవరు కంటే పెద్ద తప్పుగా తోచింది. మా ఊళ్లో మంచాన పడ్డ ముసలావిడ ఇంటికి కూడా స్లిప్పు వెళ్తుంది, పోలింగ్ రోజు ఆటో వెళ్తుంది.

అసలు ఈ తలుపు కొట్టుళ్ల వల్ల మనసులు మారతాయా? 2018లో ఇద్దరు పరిశోధకులు 49 ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. పార్టీల మధ్య జరిగే ఎన్నికలో ఇలా ఒప్పించి మార్చగలిగింది సగటున సున్నా అని తేలింది. ఆ ప్రయోగాలకయిన ఖర్చు దండగ. మా నాన్నని అడిగితే ఉచితంగా చెప్పేవారు: ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, వేసేవాడికే వేస్తారు.

ఆ వారమే ఇంకో తెలుగు ఇంట్లో అభ్యర్థితో ముఖాముఖి పెట్టారు. ట్రేల నిండా దమ్ బిర్యానీ, అభ్యర్థి మెడలో కండువా, అందరితో ఫొటోలు. మా చుట్టుపక్కల ఇది కొత్తేమీ కాదు. ఈ శివార్లలోనే 2018లో శ్రీ ప్రెస్టన్ కులకర్ణి నిలబడినప్పుడు పదికి పైగా భాషల్లో ఓటర్లకి ఫోన్లు చేయించారు, ఐదు శాతం తేడాతో ఓడిపోయారు. అప్పట్నుంచి అన్ని పార్టీలకీ మేము కనిపిస్తున్నాం. ఆ రోజు హాల్లో నలభై మందిమి. అందులో ఓటున్నది తొమ్మిదిమందికి. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురం పెరట్లో నిలబడి క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాం. లోపల మంచి ప్రశ్నలన్నీ అడిగింది పద్నాలుగేళ్లుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న ఒకతను. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం దాటకూడదన్న లెక్క తీసేస్తారా అని అడిగాడు. అభ్యర్థి చేయి గుండెల మీద పెట్టుకుని, తప్పకుండా అన్నారు. ఆ లెక్క తీసేసే బిల్లు 2019 జులైలో కాంగ్రెస్ దిగువ సభలో 365–65తో నెగ్గింది, చట్టం మాత్రం కాలేదు. మా హాళ్లలో రెండేళ్లకోసారి మళ్లీ నెగ్గుతూనే ఉంటుంది. అతనికి చప్పట్లు కొట్టారు. ఓటూ చెక్కూ లేని మనిషని తెలియక అభ్యర్థి అందరికంటే ఎక్కువసేపు చేయి కలిపింది అతనితోనే.

ఇక మెసేజుల సంగతి. ‘ఈ రాత్రి 11:59 లోపు పది డాలర్లు రాకపోతే అంతా అయిపోయినట్టే.’ త్రైమాసిక లెక్కలకి గడువట. మర్నాడు పొద్దున చూస్తే ఏదీ అయిపోదు, ఇంకో గడువు ఉంటుంది. స్టాప్ అని కొడితే ఆ నెంబరు ఆగుతుంది, మరో నెంబరు మొదలవుతుంది. ఆ మెసేజుల్లో సగం నా పేరుతో కాదు, నాకు ముందు ఈ నెంబరు వాడిన ఎవరో ఆవిడ పేరుతో వస్తాయి. ఆవిడ ధర్మాత్మురాలై ఉంటుంది.

నవంబరు 5న మా అభ్యర్థి ఓడిపోయారు. ఆ వారంలోనే ఇంకో మెసేజ్ వచ్చింది. మీరు లేకపోతే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు, ప్రచారం అప్పు తీర్చడానికి ఓ పది డాలర్లు పంపగలరా అని.

నాన్న డిసెంబరులో వెళ్లిపోయారు. ఆ ఖాళీ కవరు తీసుకెళ్లి దాచుకున్నారు. మొన్న వీడియో కాల్‌లో చెప్పారు, మా వీధిలో కవర్లు పంచే కుర్రాడికి దాన్ని చూపించారట. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, అంచులు విప్పి, లోపల రెండు వేళ్లు పెట్టి వెతికాడట.