పీఎఫ్, గ్రాట్యుటీ సరే, ఆస్పత్రి కార్డు యాడప్పా?

మా చిన్నాయన అనంతపురంలో ఒక ప్రైవేట్ కంపెనీలో ముప్పై ఏండ్లు చేసి 58కి రిటైర్ అయినాడు. పీఎఫ్ ఎంతొస్తాది, గ్రాట్యుటీ ఎంతొస్తాది అని ఆర్నెల్ల ముందు నుంచే క్యాలెండర్ వెనక పేజీల మీద లెక్కలే లెక్కలు. శాలువా కప్పినారు, గోడగడియారం ఇచ్చినారు. మూడో నెలలో మా చిన్నమ్మకు కడుపునొప్పి, స్కానింగ్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆస్పత్రి కౌంటర్లో పాప కార్డు నంబర్ కొట్టి చూసి "అంకుల్, ఈ పాలసీ యాక్టివ్‌లో లేదు" అనింది. ఈయన కార్డును అటూ ఇటూ తిప్పి "దీని మీద డేట్ ఏం లేదే పాపా" అన్నాడంట. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే అని ఎవరూ చెప్పలా, ఈయనా అడగలా.

మన దగ్గర రిటైర్మెంట్ అంటే చేతికొచ్చే డబ్బు గురించే మాట్లాడుకుంటాం. ఆ డబ్బును ఒక్క వారంలో మింగేసే ఆస్పత్రి బిల్లు మాట మాత్రం ఎత్తం. "గవర్నమెంట్ స్కీములు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి, కాకపోతే ఎవరి స్కీము వాళ్లదే.

గవర్నమెంట్ ఉద్యోగులకు రొంత నయం. మన ఆంధ్రలో 62కి దిగినా ఈహెచ్‌ఎస్ (రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం) పెన్షనర్ కింద కొనసాగుతుంది, భార్యకో భర్తకో కూడా వర్తిస్తుంది, పెన్షన్లో నెలనెలా కొంచెం కట్ అవుతుంది. కానీ ఉద్యోగిగా ఉన్నప్పటి కార్డు వేరే, పెన్షనర్ కార్డు వేరే, పేరు ఎక్కించుకునే పని రిటైర్ అయిన నెలలోనే చేయాలి, జబ్బు వచ్చినాక ట్రెజరీ ఆఫీసు చుట్టూ తిరగలేం. కొడుకో కూతురో గవర్నమెంట్ ఉద్యోగం చేస్తా ఉంటే వాళ్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా అందులో ఉండొచ్చు, ఇది తెలియక బయట ప్రీమియంలు కడుతున్నోళ్లు శానామంది.

ఈఎస్‌ఐలో, అంటే తక్కువ జీతం ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ బీమాలో ఉన్నోళ్లది ఇంకో కథ. జీతం నెలకు 21,000 లోపల ఉంటే ఈఎస్‌ఐ. కనీసం ఐదేండ్లు అందులో ఉండి వయసు అయిపోయి రిటైర్ అయితే, ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు, భార్యాభర్తలిద్దరికీ వైద్యం సాగుతుంది. నూటఇరవై, ఏడాది మొత్తానికి! బిర్యానీ కూడా రాదు ఆ డబ్బుకు. అయినా అడిగి రాయించుకునేవాళ్లు తక్కువ, ఎందుకంటే హెచ్‌ఆర్ వాళ్లు చెప్పరు.

ఇంగ అసలు చిక్కంతా మా చిన్నాయన లాంటోళ్లకే. గవర్నమెంట్ ఉద్యోగం కాదు, జీతం ఈఎస్‌ఐ లిమిట్ దాటింది, 70 ఏండ్లు రాలేదు. 70 నిండినోళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షలు, ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే, ప్రైవేట్ పాలసీ ఉన్నా తీసుకోవచ్చు (ఇంట్లో ఇద్దరు ముసలోళ్లుంటే ఆ 5 లక్షలే ఇద్దరికీ). మంచి స్కీమే, కాదనను. కానీ 58కి, 70కి మధ్య పన్నెండేండ్లు. షుగరు, బీపీ, మోకాళ్లు, గుండె అన్నీ ముదిరేది ఆ పన్నెండేండ్లలోనే కదా.

ఆ మధ్యలో పట్టుకోదగింది ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. 2007లో మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పటి లెక్కలో ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వస్తుంది. "మేం పేదోళ్లం కాదు కదా" అని మధ్యతరగతి వాళ్లు అటు చూడనే చూడరు. జీతం ఆగిపోయినాక పీఎఫ్ వాళ్లు నెలనెలా ఇచ్చే ఈపీఎస్ పెన్షన్ మూడు నాలుగు వేలు, కొంచెం వడ్డీ, ఇంగేముంది ఆదాయం? అర్హత వచ్చేసినట్టే, కానీ వార్డు సచివాలయం రికార్డులో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారనే లిస్టు) కింద బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే కొడుకు ఇంకా అదే ఇంట్లో ఉన్నట్టు కనపడుతుంది, వాని జీతం వీళ్ల నెత్తికి ఎక్కుతుంది. పెండ్లి చేసుకుని వేరే కాపురం పెట్టిన కొడుకును ఆ లిస్టులోంచి విడగొట్టించుకోవడం, నా దృష్టిలో, పాలసీ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

అట్లని ఒక్క ఆరోగ్యశ్రీనే నమ్ముకుని కూర్చోమని కూడా చెప్పను. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేయడం మనం ఒకసారి కాదు చూసింది. ఎంత పెద్ద లిమిట్ రాసినా ఆస్పత్రి తలుపు తీస్తేనే కదా. పైగా ఆరోగ్యశ్రీ, వయ వందన లాంటివి అడ్మిట్ అయితే పనికొచ్చేవి, నెలనెలా మాత్రల ఖర్చు మనదే, పీహెచ్‌సీలో ఇచ్చే బీపీ, షుగరు మాత్రలు తీసుకోడానికి నామోషీ పడకూడదు.

అందుకే చేతనైనోళ్లు ఉద్యోగం చివరి రోజుకు రెండు నెలల ముందే గ్రూప్ పాలసీని అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీగా మార్చమని అడగాలి. గ్రూప్‌లో గడిచిన ఏండ్లు వెయిటింగ్ పీరియడ్‌లో (ముందే ఉన్న జబ్బులకు బీమా డబ్బు రాకుండా ఆగాల్సిన గడువులో) కలుస్తాయి. లేకుంటే కొత్తగా కొనాలి, 65 దాటితే ఇవ్వం అనే పాత రూలు 2024 ఏప్రిల్‌లో పోయింది గానీ ఉన్న జబ్బులకు మూడేండ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ప్రీమియం భారమే, 2025 సెప్టెంబర్ నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ లేకపోవడం ఒక్కటే ఊరట.

చిన్నమ్మ ఆపరేషన్‌కు గ్రాట్యుటీలోంచే తీసి కట్టినారు. మొన్న సచివాలయంలో కొడుకు పేరు విడగొట్టించడానికి పోతే ఇంకోటి బయటపడింది. ఆధార్‌లో చిన్నమ్మ పుట్టినరోజు జనవరి 1 అని ఉంది, ఎవరో అందాజాగా వేసింది, అసలు వయసు కన్నా నాలుగేండ్లు తక్కువ. అంటే 70 కార్డు ఆమెకు నిజంగా 74 వచ్చినాక. పుట్టిన తేదీ మార్చుకునే ఛాన్స్ ఆధార్‌లో ఒక్కసారే, రుజువుగా స్కూల్ సర్టిఫికెట్ తేవాలంటే ఆమె చదివిన పల్లె బడి రికార్డులు ఉన్నాయో చెదలు తిన్నాయో. వచ్చే సోమవారం చిన్నాయన ఆ ఊరికి పోతున్నాడు.