స్క్రూ తిప్పే ముందు జెట్టు చూడండి

కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవులో మాకొక నాటు పడవ ఉంది, దానికి రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బొరేటర్లు సిలిండరుకు ఒకటి చొప్పున రెండు ఉన్నాయి. వయసు మీరినా ఆ ఇంజను మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా దాన్ని రిపేరుకిచ్చిన ప్రతిసారీ జరిగే తంతు మీదనే. మూత తీసీ తీయకముందే స్క్రూడ్రైవరు, పెట్రోలు గాలి పాళ్లను సరిచేసే ట్యూనింగ్ స్క్రూ మీదికి పోతుంది.

పోయిన కార్తీకంలో, మోటారు సైకిళ్ల పనిలో మంచి పేరున్న మెకానిక్ ఒకాయన ఇంజనును నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి, చెవి పెట్టి వింటూ రెండు స్క్రూలూ తిప్పి, "అన్నా, సౌండ్ సూడు, ఎంత సాఫుగ తిరుగుతుందో" అన్నాడు. డ్రమ్ములో నిజంగానే సాఫుగా తిరిగింది. మరునాడు సంగమేశ్వరం వైపు సగం దూరం పోయాక, నెమ్మదిగా నడుస్తున్న ఇంజనుకు రేసు ఇవ్వగానే కార్బొరేటర్ నుంచి తుమ్మినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. నాలుగుసార్లు అదే వరస. తెడ్లతో ఒడ్డు చేరేసరికి చీకటి పడింది.

ఆయనకు పని రాదని నేననను. ఆర్ఎక్స్ 100 లాంటి బండ్లలో ఆ స్క్రూ గాలిని అదుపు చేస్తుంది కాబట్టి, లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. మా ఇంజనులో అదే చోట ఉన్న స్క్రూ పెట్రోలునే అదుపు చేస్తుంది కనుక, బిగించిన కొద్దీ పెట్రోలు తగ్గుతుంది. ఆయన అలవాటు కొద్దీ బిగించాడు, పెట్రోలు చాలక ఇంజను ఎండిపోయింది. స్క్రూ ఏ రకమో తెలియకుండా తిప్పడం చీకట్లో తాళం వెతకడమే.

ఇంజనును రిపేరుకు ఇవ్వాల్సి వచ్చిన అసలు దోషం స్క్రూలో లేనే లేదు. ఇంటికొచ్చి నేనే కింది కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె విప్పితే, అడుగున జిగురులాంటి మడ్డి, దాని పైన నాలుగు నీటి బొట్లు కనిపించాయి. పెట్రోలును కొలతగా వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కను, అంటే మెయిన్ జెట్టును, వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం సగం పూడి ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా ట్యాంకులో వదిలేస్తే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కు చేరతాయి. తప్పు నాది కూడా, ఇంజనును పక్కన పెట్టేటప్పుడు గిన్నెలు ఖాళీ చేయలేదు.

మా ఇంజను లాంటి పాత టూ స్ట్రోకులో ఇది ఎందుకు ప్రమాదమంటే, పిస్టనుకు అందే ఆయిలు పెట్రోలులో కలిసే వస్తుంది. ఒక్క జెట్టు మూసుకుపోతే ఆ సిలిండరుకు పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గి వేడెక్కుతుంది, రెండోది మాత్రం మామూలుగానే లాగుతుంది. పడవ నడుస్తూనే ఉంటుంది కనుక, పిస్టను పట్టేసేదాకా చెవికి సంగతి తెలియదు.

అందుకే నేను ముందు రెండు సిలిండర్ల కంప్రెషను (లోపలి ఒత్తిడి), ప్లగ్గులు చూసుకున్నాను. జెట్లను తీగతో పొడవకుండా, ఎందుకంటే ఇత్తడి రంధ్రం గీసుకుపోతే కొలత మారుతుంది, క్లీనరు కొట్టి గాలితో ఊదాను. గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోటు ఎత్తు సరిచూశాను. ఇంజనులోకి గాలిని వదిలే రెండు థ్రాటిల్ రేకులూ ఒకేసారి తెరుచుకునేలా లింకు సరిచేశాను, అది తేడాగా ఉంటే ఏ స్క్రూ తిప్పినా దండగే. ఆ తర్వాతే స్క్రూలను గట్టిగా నొక్కకుండా మెల్లగా చివరిదాకా బిగించి, ఇంజను పుస్తకంలో చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పాను.

మిగతా పని నీళ్లలోనే చేయాలి. డ్రమ్ములో, నీళ్లను తోసే ఫ్యాను మీద పడవ బరువు పడదు. మా తమ్ముడు హ్యాండిలు పట్టుకుంటే, ఇంజను బాగా వేడెక్కాక గేరులో నెమ్మదిగా నడిపిస్తూ, ఒక్కో స్క్రూను చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగించి, ప్రతిసారీ కాసేపు ఆగి చూశాను. తడబడటం మొదలైన చోటు నుంచి వెనక్కి వచ్చి, సాఫుగా తిరిగే చోటు కంటే ఇంకొంచెం పెట్రోలు ఎక్కువ వైపే ఉంచాను. ఆ మెకానిక్ పావుగంటలో చేసిన పనికి నాకొక పూట పట్టింది, రెండు లీటర్ల పెట్రోలు ఖర్చయింది.