మూత ఎవరు తీశారు?

మా బావకి ఆఫీసులో ఎవరో మీల్ ప్రెప్ గురించి నూరిపోశారు. వారానికి సరిపడా వంట సెలవురోజు ఒక్కసారే వండేసి, డబ్బాల్లో సర్దేసి, మిగతా రోజులు వేడి చేసుకుని తినడం. ఆ చెప్పినవాళ్ళెవరో గాని, ఒక్కసారి మా ఇంటికొచ్చి మమ్మల్ని చూసి చెప్పి ఉంటే బాగుండేది.

బావ ఎంచుకున్నది వైట్ చికెన్ చిల్లీ అనే అమెరికా తరహా చిక్కటి బీన్స్ పులుసు. అందులో టమాటా ఉండదు, ఎర్ర కారం ఉండదు. చికెన్ బ్రెస్ట్, తెల్ల బీన్స్, ఉల్లిపాయలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, ఒరెగానో, కాస్త చికెన్ స్టాక్. అన్నీ స్లో కుక్కర్‌లో, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో పడేసి, మీట ‘లో’ మీద పెట్టి, ఓ ఆరేడు గంటలు దాని మానాన దాన్ని వదిలెయ్యడమే.

పడేసే దగ్గరే మొదటి గొడవ. రాత్రి నానబెట్టిన బీన్స్ తెచ్చి బావ నేరుగా కుక్కర్లో కుమ్మరించబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“పచ్చి బీన్స్‌లో విషం ఉంటుందండీ!”

ఉంటుంది, నిజమే. ఫైటోహెమగ్లుటినిన్ అని దాని పేరు. ఆ పేరు పలికేలోపు బీన్స్ ఉడికిపోతాయి గాని, విషం మాత్రం పోదు. ఎర్ర కిడ్నీ బీన్స్‌లో ఎక్కువ, తెల్లవాటిలో తక్కువ. సలసల మరిగితేనే అది విరుగుతుంది. స్లో కుక్కర్ నిదానపు వేడికి విరగకపోగా ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. అందుకని నానబెట్టిన నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో 30 నిమిషాలు మరిగించాకే కుక్కర్లో వెయ్యాలి. “స్టవ్ దగ్గర నిలబడకుండా ఉంటుందనే కదా ఇది కొన్నది” అని గొణుక్కుంటూ బావ స్టవ్ దగ్గర నిలబడ్డాడు.

ఎలాగైతేనేం, పదింటికల్లా కుక్కర్ మీట తిప్పాడు. తిప్పి, ఇంటిల్లిపాదినీ వంటింట్లోకి పిలిచి ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మూత ఒక్కసారి తీస్తే లోపలి వేడంతా పోతుంది, మళ్ళీ వేడెక్కడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, కాబట్టి సాయంత్రం దాకా ఎవరూ దాని జోలికి పోకూడదు. అందరం తలలూపాం. అత్తయ్య అందరికంటే గట్టిగా ఊపింది.

పదకొండింటికి అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. “ఒరేయ్, ఇందులోంచి చప్పుడే రావట్లేదురా! అసలు కరెంటు ఉందా?”

కరెంటు ఉంది. చప్పుడు రాకపోవడమే దాని గొప్ప అని బావ నచ్చజెప్పాడు. చెప్పినంతసేపూ ఆయన కళ్ళు మూత మీదే ఉన్నాయి. అద్దం మూత కదా, లోపలంతా ఆవిరి పట్టేసి ఏమీ కనబడట్లేదు. జేబురుమాలు తీసి పైన శుభ్రంగా తుడిచాడు. కనబడలేదు. నోటితో ఊది మళ్ళీ తుడిచాడు. ఆవిరి లోపలుంది, తుడుపు బయట. లోపలివైపు ఓ చుక్క బరువెక్కి, జారి, అంచు దాకా వచ్చి ఆగింది. ఆ చుక్క జారిన దారిలో సన్నటి గీత పడి, అందులోంచి ఓ బీన్స్ గింజ సగం కనబడింది. ఆ సగం గింజే ఆయన కొంప ముంచింది. మిగతా సగం చూడకుండా ఉండలేకపోయాడు.

బావ మూత తీశాడని మేమెవరం చూడలేదు. కళ్ళద్దాలు తెల్లగా మంచు పట్టి, గోడ తడుముకుంటూ హాల్లోకి రావడం మాత్రం అందరం చూశాం.

ఆ తర్వాత ఇంక అడ్డెవరు? బావ తీశాడో లేదో చూడటానికి అక్క తీసింది. అమ్మ ఏం చూస్తోందో చూడటానికి మేనల్లుడు తీశాడు. నీళ్ళు తక్కువైనట్టున్నాయని అత్తయ్య తీసి ఓ గ్లాసుడు నీళ్ళు పోసింది. స్లో కుక్కర్లో నీళ్ళు ఇగరవు. మూతకి తగిలిన ఆవిరి తిరిగి అందులోనే పడుతుంది. పోసిన గ్లాసు పోసినట్టే ఉంటుంది. పైగా చికెన్‌లోంచి, ఉల్లిపాయల్లోంచి ఊరే నీళ్ళు అదనం. మధ్యాహ్నానికి చిల్లీ కాస్తా చారైంది.

మూడింటికి బావ కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాడు. గంటకి రెండుసార్లు మూత తీస్తే, ఒక్కోసారికీ అరగంట చొప్పున గంట ఆలస్యం. అంటే గంటసేపు వండితే గంట వంట బాకీ పడుతోంది. “ఈ లెక్కన ఇది ఎప్పటికీ ఉడకదు” అని తేల్చాడు. తేల్చి, లెక్క సరిపోయిందో లేదో చూద్దామని మూత తీశాడు.

ఇక్కడో విషయం చెప్పాలి. ఈ కుక్కర్‌కి మూలపురుషుడు ఇర్వింగ్ నాక్సన్ అని అమెరికాలో ఉండే ఓ ఇంజినీరు. 1940లో పేటెంటు వచ్చింది. లిథువేనియాలో వాళ్ళ పెద్దవాళ్ళు చోలెంట్ అనే బీన్స్, మాంసం వంటకాన్ని శుక్రవారం సాయంత్రం ఊళ్ళో రొట్టెలబట్టీకి పంపేవారట. బట్టీలో మిగిలిన వేడికి అది రాత్రంతా ఉడికేదట. ఆ కబురు విన్నాక ఆయనకీ ఆలోచన వచ్చింది. ఆయన బట్టీ వేడిని బాగానే పట్టుకొచ్చాడు గాని, అసలు కీలకం వదిలేశాడని నా అభిప్రాయం. ఆ కుండ ఇంట్లో లేదు. అత్తయ్యలకీ మేనల్లుళ్ళకీ అందకుండా వీధి అవతల, తాళం వేసిన బట్టీలో ఉంది.

ఆరింటికి బావ మీట ‘హై’కి తిప్పి, వంటింటి గుమ్మానికి కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి థర్మామీటర్ గుచ్చితే చికెన్ 74 డిగ్రీలు దాటింది. గెలిచాం అనుకుని ముక్కలు బయటికి తీసి ఫోర్కుతో చీరుతుంటే అప్పుడు కనబడింది, పులుసు ఎర్రగా ఉంది.

“కారం ఎవరు వేశారు?”

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అత్తయ్య గోడకేసి చూస్తూ, “అంత తెల్లగా ఉంటే పిల్లాడు తింటాడా?” అంది. పిల్లాడి వయసు ఇరవై.

చిక్కబడటానికి చివర్లో వేసే క్రీమ్ చీజ్‌తో మళ్ళీ తెల్లబరచొచ్చని బావ ఆశ. ఫ్రిజ్‌లోంచి తీసిన దిమ్మని తీసినట్టే జారవిడిచాడు. తొట్టిలో సబ్బుబిళ్ళలా అది చాలాసేపు తేలింది. గరిటెతో ఒకవైపు ముంచితే ఇంకోవైపు లేచింది. చివరికి కరిగింది గాని, తెలుపు రాలేదు, లేత నారింజ రంగు వచ్చింది. రుచి మాత్రం, చెప్పకపోతే పాపం, అద్భుతం.

వచ్చిన చిక్కల్లా అదే. అసలు పథకం ప్రకారం వేడి తగ్గగానే, రెండు గంటలు దాటకుండా, లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు గనక శుక్రవారానిది ఫ్రీజర్‌లోకి. బావ ప్రతి డబ్బా మీదా వారం పేరు రాసి పెట్టాడు. కాని పొద్దుట్నుంచీ ఆ వాసన పీలుస్తూ, ఆకలితో కూర్చున్న మనుషులం. “కొంచెం రుచి చూద్దాం” అని సోమవారంతో మొదలుపెట్టాం. పదిన్నరకి మంగళవారం అయిపోయింది. బుధవారం అత్తయ్య ఒక్కతే తింది. గురువారం గిన్నె అడుగు మేనల్లుడు వేలితో తుడిచాడు.

తెల్లారి ఆఫీసుకి బయల్దేరుతూ బావ ఫ్రీజర్ తెరిచి, రాయిలా గడ్డకట్టిన శుక్రవారం డబ్బా తీసి, వేలితో కొట్టి చూశాడు.

“ఇది కరిగేసరికి మధ్యాహ్నం అవుతుందా?”

“శుక్రవారం అవుతుందండీ” అంది అక్క.