ఫ్యానీని ఊరికే ఆడిపోసుకుంటున్నారు

‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’ నవల మాట వచ్చినప్పుడల్లా ఒకటే పాట. కథానాయిక సోఫీ సవతి తల్లి ఫ్యానీ మహా స్వార్థపరురాలట, మొగుడు పోగానే పిల్లల్ని తలో దిక్కుకీ తోలేసి, సొంత కూతురికి మాత్రం మంచి దారి చూపించి, సోఫీతో జీతం లేని చాకిరీ చేయించుకుని, డబ్బున్నవాడు దొరగ్గానే ఆ పిల్లని మర్చిపోయిందట. ఇందులో ఒక్క ముక్కే నిజం.

ముందు సినిమా సంగతి. 2004లో వచ్చిన మియాజాకీ సినిమాలో సోఫీ తల్లి, రాజుగారి మంత్రగత్తె సులిమాన్ ఒత్తిడికి లొంగి, కూతుర్ని చూడ్డానికన్నట్టు వచ్చి నిఘా పురుగున్న సంచి వదిలిపోతుంది. 1986లో డయానా విన్ జోన్స్ రాసిన నవల్లో అలాంటి సీనే లేదు. ఆ పాపం ఈవిడ ఖాతాలో వేయకండి.

తోలేసింది అంటారా? సోఫీ నాన్న హ్యాటర్ గారు కూతుళ్లు ముగ్గురినీ ఊళ్లోకెల్లా మంచి స్కూల్లో చదివించి హఠాత్తుగా పోతే, మిగిలింది ఫీజుల అప్పు. ఫ్యానీ పిల్లల్ని కూర్చోబెట్టి పరిస్థితి చెప్పింది. సోఫీ సొంత చెల్లెలు లెట్టీని ఊళ్లోనే ఉన్న సీజరీ కేకుల దుకాణంలో పనికి పెట్టింది, మంత్రవిద్య నేర్చుకోడానికి ఊరు దాటి ఫెయిర్‌ఫాక్స్ గారింటికి పంపింది ఎవర్నయ్యా అంటే, తన కడుపున పుట్టిన మార్తాని! మంత్రవిద్యే గొప్ప కదా అని వాదించొచ్చు, కానీ తన తర్వాత తమ టోపీల కొట్టు సోఫీదే అని అదే రోజు చెప్పింది. అసలు మొదటి పేజీల్లోనే రచయిత్రి ఫ్యానీ ముగ్గురినీ ఒకేలా చూసిందని రాసేసింది, సవతి తల్లి అనగానే మనం ఏం ఊహించుకుంటామో తెలిసి కావాలనే చేసిన వేళాకోళం అది.

ఇక జీతం. ఇది మాత్రం ఒప్పుకుంటాను. సోఫీ నోరు తెరిచి అడిగితే, ఫ్యానీ అద్దం ముందు గులాబీల టోపీ సర్దుకుంటూ, అయ్యో తప్పకుండా, నువ్వెంత పని చేస్తున్నావో, సాయంత్రం లెక్కలు చూసి చెప్తానంటుంది, అని బయటికి వెళ్లి, సోఫీ కొట్టు కట్టేసి ఆ రోజు టోపీలు ఇంట్లోకి మోసుకెళ్లేదాకా తిరిగి రాదు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. వాడుకోడానికి కఠినంగా ఉండక్కర్లేదు అని అమ్మని తిట్టిపోసేది కూడా సొంత కూతురు మార్తానే. కాకపోతే ఇది క్రూరత్వం కాదు, అడగని మనిషి పక్కనుంటే సుఖానికి అలవాటు పడిపోయే రకం. సోఫీ కూడా, ముగ్గురిలో పెద్దదాన్ని, నాకేం కలిసొస్తుందిలే అని ముందే చేతులెత్తేసిన మనిషి.

మర్చిపోయింది అనేది శుద్ధ అబద్ధం. శాపంతో ముసలిదైపోయిన సోఫీ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఫ్యానీ మార్తా దగ్గరికి వెళ్లి అడిగింది, లెట్టీకి కబురు పెట్టింది, ఆచూకీ చెప్తే బహుమతి ఇస్తానని ప్రకటించింది. ఆ డబ్బున్న స్మిత్ గారి భార్యగా దర్జాగా గొడుగు పట్టుకుని వచ్చినావిడ, తొంభై ఏళ్ల ముసలమ్మలా ఉన్న సోఫీని చూడగానే గుర్తుపట్టి, టోపీ, గొడుగు, ఆ దర్జా అన్నీ పక్కన పడేసి కౌగిలించుకుని ఏడ్చింది. సోఫీకి కూడా ఏడుపొచ్చేసింది.